సంగటిలో నూకలు ఏరగలమా?

రాండి రాండి, తిన్నె మీద చోటు చేసుకుని కూర్చోండి. మదనపల్లె వాళ్లిద్దరూ ఇటు, కుప్పం పాప నా పక్కన. ఆ బకెట్టు కొంచెం ఇట్లా జరపండి, దాంతో ఇప్పుడు పని ఉంది.

పోయిన నెల మీ అవ్వ రాగిపిండి తెమ్మంది. అంగడిలో రకరకాల ప్యాకెట్లు వేలాడుతున్నాయి. వాటిలో ఒకటి మట్టిరంగు కాగితం కవరు, చూడముచ్చటగా ఉంది, మూడు బాణాల గుర్తు కూడా ఉంది. కాగితమే కదా, చెట్టు మొదట్లో వేస్తే మట్టిలో కలిసిపోతుందని సంతోషంగా తెచ్చినాను. పిండి అయిపోయినాక ఆ కవరును ఇదే బకెట్లో నానేసినాను. మూడో రోజుకు కాగితం పీచుపీచుగా ఊడి వచ్చింది. లోపల ఏముందో చూద్దురూ, ఇదిగో! పాము కుబుసం మాదిరి పల్చగా మెరుస్తున్న ప్లాస్టిక్ పొర. పైన కాగితం, లోన ప్లాస్టిక్, రెండూ విడిపోకుండా అంటించేసినారు. దీన్ని పాతసామాన్ల ఆయనకు చూపిస్తే చేత్తో నలిపి చూసి, "ఇది తూకానికి రాదు సామీ" అని తిరిగిచ్చేసినాడు.

ఎందుకు రాదో తెలియాలంటే పొద్దున తిన్న సంగటిని తలుచుకోండి. బియ్యం, రాగులు కలిసిపోయినాయనుకోండి, అవ్వ చేటలో పోసుకుని సాయంత్రానికి వేరు చేసేస్తుంది. మరి నూకలు ఉడికి, రాగిపిండి పడి, తెడ్డుతో గెలికి ముద్ద చేసినాక? ఆ ముద్దలోంచి నూకలు ఏరి ఇమ్మంటే ఎవరి తరం? పొరల కవరూ అంతే. పాల ప్యాకెట్టు చేసే పల్చటి పాలిథీన్ 110 డిగ్రీల దగ్గరే కరిగిపోతుంది. నీళ్ల బాటిల్ చేసే పెట్ ప్లాస్టిక్‌కు 250 దాకా వేడి కావాలి. రెండూ అతికి ఉన్నదాన్ని కరిగించబోతే ఒకటి ఎప్పుడో నీరైపోయి ఉంటుంది, ఇంకోటి రాయిలా అట్లనే కూర్చుంటుంది. రెండూ కరిగినా నూనె, నీళ్ల మాదిరి ఒకదాంట్లో ఒకటి కలవవు. మధ్యలో అల్యూమినియం రేకు కూడా ఉంటే ఇక అడగొద్దు.

"మరి మూడు బాణాల గుర్తు ఎందుకేసినారు తాతా?" అంటోంది పాప. మంచి మాట అడిగినావు. ఆ బాణాలు గీసింది గ్యారీ ఆండర్సన్ అని అమెరికాలో ఒక కాలేజీ కుర్రాడు. 1970లో ఒక అట్టపెట్టెల కంపెనీ పోటీ పెడితే గీసి, గెలిచినాడు. తర్వాత 1988లో అక్కడి ప్లాస్టిక్ పరిశ్రమ వాళ్లు అదే తీరు త్రిభుజంలో 1 నుంచి 7 దాకా అంకెలు వేయడం మొదలుపెట్టినారు. ఆ అంకె 'ఇది ఫలానా ప్లాస్టిక్' అని చెప్తుంది, అంతే. మళ్లీ వాడకానికి వస్తుందని మాటివ్వదు. ఆవు చెవికి వేసిన బిళ్ల అది ఏ ఆవో చెప్తుంది గానీ, పాలిస్తుందో లేదో చెప్తుందా? జనం పొరబడుతున్నారనే 2013లో ఆ బాణాలు తీసేసి ఉత్త త్రిభుజం పెట్టమన్నారు. పాత అచ్చులు మాత్రం ఇంకా పోలేదు. ఏడో అంకె అంటే 'ఇతరములు'. పొరల కవర్లు చాలావరకు ఆ గంపలోకే పోతాయి.

అట్లాగని కంపెనీ వాళ్లు పనిలేక ఇన్ని పొరలు వేస్తారనుకోవద్దు. పాలిథీన్ చెమ్మను బాగా ఆపుతుంది గానీ గాలిని ఆపలేదు. గాలిలోని ఆక్సిజన్ లోపలికి పోయి చెనక్కాయ పప్పుల్లో నూనెను పట్టుకుందంటే, కొన్నాళ్లకు ముక్కవాసన వస్తుంది. దాన్ని ఆపడానికే ఇంకో పొర, వెలుతురు పడకుండా రేకు పొర.

కానీ ఇక్కడ నాకెంతో ఇష్టమైన సంగతి ఒకటి ఉంది. మన రాగులున్నాయి చూడండి, ఆవగింజంత గింజ, గట్టి తోలు, పురుగు కూడా సులువుగా ముట్టదు. మా తాతల కాలంలో నేలలో పాతర తవ్వి, గడ్డి పరిచి, రాగులు పోసి, మూసి మట్టేసేవాళ్లు. కరువొచ్చినప్పుడు తవ్వితే ఏళ్ల తర్వాత కూడా తినడానికి పనికొచ్చేవి! ఆ గింజకు దాని తోలే ప్యాకెట్టు. చెనక్కాయకు దాని పొట్టే డబ్బా. మనం మరలో వేసి పిండి పట్టించిన క్షణాన ఆ ప్యాకెట్టు చించేసినట్టే. లోపలి కొవ్వు గాలికి తగులుతుంది, చెమ్మ పట్టుకుంటుంది. అప్పుడే మనిషి చేసిన ప్యాకెట్టు కావాల్సి వస్తుంది. అందుకని నేను రాగులు గుడ్డసంచిలో తెచ్చి, పది పదిహేను రోజులకు సరిపడా పట్టించి స్టీలు డబ్బాలో పోస్తాను. పదిహేను రోజుల పిండికి రేకు పొర కవచమెందుకు?

నా చిన్నప్పుడు అంగడాయన కందిపప్పును పేపరు పొట్లం కట్టి పురికొస చుట్టి ఇచ్చేవాడు. ఆ చేతుల వేగం చూడ్డానికే నేను వెంట పోయేవాణ్ణి. అయితే అచ్చు పేపరు మాత్రం వద్దు, సిరాలో ఉండే మందులు తిండికి అంటుతాయి. 2018 నాటి తిండి ప్యాకింగు నిబంధనల్లో దాన్ని కాదన్నారు కూడా. అచ్చులేని కాగితమైతే మేలు. కాగితాన్ని మళ్లీ కాగితం చేయొచ్చు. కాకుంటే పాత తాడు విప్పి పేనిన ప్రతిసారీ పీచు పొట్టిదైనట్టు, అయిదారుసార్లకు కాగితం పీచూ నీరసిస్తుంది. గాజుకూ లోహానికీ ఆ బాధ లేదు, ఎన్నిసార్లయినా కరిగించొచ్చు.

ఇప్పుడు బకెట్టు దగ్గరికి రాండి. పాల ప్యాకెట్టు ముక్క ఒకటి, పచ్చళ్ల డబ్బా మూత ముక్క ఒకటి, నీళ్ల బాటిల్ ముక్క ఒకటి వేయండి. బుడగలు అంటుకుంటే పైకి లేపేస్తాయి, వేలితో తుడిచి ముంచండి. చూసినారా! మొదటి రెండూ తేలినాయి. పాలిథీన్, పాలీప్రొపిలీన్ నీళ్లకన్నా తేలిక. పెట్ బరువు, గులకరాయి మాదిరి అడుక్కి పోయింది. చెరగడానికి అవ్వకు చేట ఎట్లాగో, కార్ఖానాల్లో ప్లాస్టిక్ వేరు చేయడానికి నీళ్ల తొట్టి అట్లా. మునిగిన పెట్‌ను కరిగించి నూలు తీస్తారు. మీరు తలకింద పెట్టుకునే దిండులో పీచు అదే కావచ్చు.

పొరల కవరు గుట్టు మాత్రం నీళ్లు చెప్పవు. దానికి మీ బొటనవేళ్లు చాలు. అంచు పట్టుకుని లాగండి. ఒంటి పాలిథీన్ అయితే జిగురులా సాగుతుంది. సాగకుండా కరకరలాడి, చింపితే లోపల వెండి మెరుపో వేరే పొరో కనిపిస్తే అది సంగటి ముద్దే.

మదనపల్లె టమాట మార్కెట్లో క్రేట్లు చూస్తుంటారు కదా. గట్టి ప్లాస్టిక్, ఒకే రకం. విరిగిపోయినా వాటికి తూకం ఉంటుంది, ధర ఉంటుంది. ఎవరో ఒకరు చేయి చాపి తీసుకుంటేనే వస్తువు మళ్లీ వాడకానికి వచ్చినట్టు లెక్క. ప్యాకెట్టు కొనేముందు నేను గుర్తు కన్నా ముందు పాతసామాన్ల ఆయన మొహం తలుచుకుంటాను. కందిపప్పు లాంటివాటికి పల్చటి ఒంటి పాలిథీన్ కవరైనా ఫరవాలేదు. ఖాళీ చేసి, దులిపి, తడి లేకుండా మూటకట్టి ఉంచితే తీసుకునేవాళ్లు దొరుకుతారు. చింతపండు మాత్రం మన పుంగనూరు పద్ధతిలోనే, విత్తనాలు తీసి ఉప్పు చేర్చి జాడీలో. ఆ పులుపు ఇనుప రేకు డబ్బాను తినేస్తుంది.

"మరి ఆ కుబుసం కవరేం చేసినావు?" అంటున్నాడు పెద్దోడు. అట్లాంటిదే ఇంకోటి కూడా ఉంది, నానేయలేదు. అదిగో, దూలానికి వేలాడుతోంది చూడు. చెమ్మ పోనివ్వదు కదా, అనప విత్తనాలు పోసి జిప్పు నొక్కి పెట్టినాను. తొలకరి పడినాక తీస్తాం. అప్పుడు మీరు రావాలి మరి, ఈ చేతులు ఒంటిగా అన్ని సాళ్లు వేయలేవు.