తుంగ దుంప: రేగడి చేలల్లో భూగర్భ ఆహార నిల్వ – పదజాల, వృక్షశాస్త్ర పరిశీలన

వ్యాససంగ్రహం:

మొక్కలు ఆకుల్లో తయారుచేసుకున్న ఆహారంలో కొంత భాగాన్ని నేల అడుగున కాండంలోనో వేరులోనో దాచుకుంటాయి. అలా ఉబ్బిన భాగాలను తెలుగువారు దుంప, గడ్డ, కంద, కొమ్ము, పాయ వంటి మాటలతో పిలుస్తారు. ఈ మాటలకు వాడుకలో ఉన్న అర్థం వేరు, వృక్షశాస్త్ర పాఠ్యపుస్తకాల్లో ఉన్న అర్థం వేరు. ఈ తేడాను వివరించి, భూగర్భ నిల్వ జరిగే తీరును గుంటూరు, ప్రకాశం ప్రాంతాల పత్తి, మిరప చేలల్లోని తుంగ కలుపు ఆధారంగా విశదీకరించడం ఈ వ్యాస లక్ష్యం.

కీలక పదాలు: దుంప, గడ్డ, కందం, కొమ్ము, తుంగ, పిండిపదార్థం, రేగడి నేల, వృత్తిపదాలు.

1. ఉపోద్ఘాతం

గుంటూరు, ప్రకాశం మైదానాల పేరు చెప్పగానే పత్తి, మిరప గుర్తుకు వస్తాయి. ఈ రెండు పంటల ఫలసాయం నేలపైనే కనిపిస్తుంది. దుంపపంటలకు ఈ ప్రాంతంలోని నల్లరేగడి అంత అనుకూలం కాదు. తడిస్తే జిగటగా మారి, ఎండితే గట్టిపడి బీటలువారే ఆ బంకమట్టిలో దుంప ఊరడమూ కష్టమే, తవ్వి తీయడమూ కష్టమే. అయినా ఆ నేల అడుగున ఒక దుంప ఎవరూ నాటకుండానే పెరుగుతోంది. అది తుంగ. కలుపు కూలీలు ఎన్నిసార్లు పీకినా అది మళ్లీ ఎందుకు లేస్తుందో తెలియాలంటే దుంప అంటే ఏమిటో ముందుగా తెలియాలి. అందుకు తెలుగు మాటల నుంచే మొదలుపెట్టవలసి ఉంటుంది.

2. వాడుకమాట – శాస్త్రపదం

2.1. వాడుకలో దుంప, గడ్డ

వాడుకలో దుంప, గడ్డ అనే మాటలు ఆకారాన్ని చెబుతాయి గాని అవయవాన్ని చెప్పవు. 'గడ్డ' మట్టిపెళ్లకూ, శరీరంపై లేచిన వాపుకూ కూడా పేరే. గట్టిపడి ముద్దకట్టడమే అందులోని ప్రధానభావం. కోస్తాలో బంగాళాదుంప, ఉల్లిపాయ అనేవాటిని తెలంగాణలో ఆలుగడ్డ, ఉల్లిగడ్డ అంటారు. కోస్తాలో 'కంద' అంటే దురదపెట్టే పెద్ద దుంప. తెలంగాణలో 'కందగడ్డ' అంటే తియ్యని చిలగడదుంప. రాయలసీమలో దానినే గెనుసుగడ్డ అంటారు. 'కందమూలాలు' అనే సంస్కృత సమాసంలో కందం తినదగిన దుంపలన్నిటికీ వర్తిస్తుంది.

2.2. పాఠ్యపుస్తకాల్లో

తెలుగు మాధ్యమ వృక్షశాస్త్ర గ్రంథాలు ఈ మాటలనే తీసుకొని వాటికి కచ్చితమైన హద్దులు గీశాయి. అల్లం, పసుపు వలె నేలలో అడ్డంగా పెరిగే కాండం 'కొమ్ము'. బంగాళాదుంప వలె భూగర్భశాఖ కొన ఉబ్బి ఏర్పడినది 'దుంపకాండం'. కంద, చేమ వలె నిలువుగా పెరిగి బలిసిన కాండం 'కందం'. ఉల్లి వలె కాండం చిన్న బిళ్లగా మిగిలి, దాని చుట్టూ ఉన్న రసభరిత పత్రాలలో ఆహారం నిలవ ఉండేది 'లశునం'. చిలగడదుంప, కర్రపెండలం కాండాలు కావు. అవి ఆహారం నిలవ చేసుకున్న వేళ్లు.

కాబట్టి 'కందగడ్డ' అని ఇంట్లో విన్న తెలంగాణ విద్యార్థి తరగతిలో 'కందం' అనే మాట ఎదురైనప్పుడు చిలగడదుంపను ఊహించుకునే అవకాశం ఉంది. అతడు ఊహించినది వేరు, పుస్తకం చెబుతున్నది కాండం. భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వంలో 1962లో వెలువడిన మాండలిక వృత్తిపదకోశం తొలి సంపుటం వ్యవసాయ పదాలకే కేటాయించడం, ఒకే వస్తువుకు ప్రాంతాన్నిబట్టి పేర్లు మారే తీరును నమోదు చేయడం ఈ సందర్భంలో గుర్తుచేసుకోదగినవి.

2.3. మార్కెట్ మాట

గుంటూరు మిర్చి యార్డులో 'కాయ' అంటే నిజంగా ఫలమే. దుగ్గిరాల పసుపు మార్కెట్లో కొమ్ములు, కాయలు అని సరుకును రెండుగా విడదీస్తారు. అక్కడి 'కాయ' ఫలం కాదు, పిల్లకొమ్ములు పుట్టిన తల్లిదుంప. గుండ్రని ఆకారమే దానికి ఆ పేరు తెచ్చింది. వృత్తిపదం వ్యాపారి చూపుకు అనుగుణంగా పుడుతుంది. అది తప్పు కాదు, దాని ప్రయోజనం వేరు.

3. కాండమా, వేరా?

దుంప కాండమో వేరో తేల్చడానికి కణుపు, మొగ్గ అనేవే గుర్తులు. బంగాళాదుంపపై ఉండే 'కళ్లు' నిజానికి కణుపుల వద్ద ఉన్న మొగ్గలు. అందుకే కన్ను ఉన్న ముక్కను కోసి నాటితే మొలకెత్తుతుంది. చిలగడదుంపపై ఇటువంటి కణుపుల అమరిక ఉండదు. మిరప, బంగాళాదుంప రెండూ ఒకే కుటుంబానికి చెందినవి, రెండూ అమెరికా ఖండాలనుంచి వచ్చినవి. అయినా మిరప తన తరువాతి తరాన్ని కాయలోని గింజకు అప్పగిస్తే, బంగాళాదుంప గింజతోపాటు నేల అడుగున మరో దారిని కూడా ఏర్పరచుకుంది.

4. ఆహారం నేల అడుగుకు చేరే తీరు

ఆకుల్లో కిరణజన్యసంయోగక్రియ ద్వారా తయారైన చక్కెర ప్రధానంగా సుక్రోజ్ రూపంలో పోషక కణజాలం గుండా ప్రయాణిస్తుంది. ఆకు చక్కెర పుట్టేచోటు, పెరుగుతున్న దుంప దానిని పీల్చుకునేచోటు. పుట్టేచోట చక్కెర సాంద్రత పెరిగి అక్కడికి నీరు చేరుతుంది. దానివల్ల కలిగే పీడనం ద్రవాన్ని దుంపవైపు తోస్తుంది.

దుంపలోని మృదుకణజాలానికి చేరిన సుక్రోజ్‌ను ఎంజైములు విడగొడతాయి. దానినుంచి వచ్చిన గ్లూకోజ్ అణువులు అమైలోప్లాస్టులు అనే కణాంగాలలో గొలుసులుగా కూడి పిండిరేణువులవుతాయి. చక్కెరను చక్కెరగానే నిలవ చేస్తే కణంలోకి నీరు విపరీతంగా చేరుతుంది. పిండి నీటిలో కరగదు కనుక ఆ ఇబ్బంది లేకుండా కొద్ది స్థలంలో ఎక్కువ ఆహారం ఇముడుతుంది. మొలకెత్తే అదను వచ్చినప్పుడు ఎంజైములు పిండిని తిరిగి చక్కెరగా మారుస్తాయి. ఆ చక్కెర మొగ్గకు ఆహారమవుతుంది.

పసుపును ఉడకబెట్టే ఆచారానికీ ఈ పిండితో సంబంధం ఉంది. ఉడికినప్పుడు పిండి జిగురుగా మారి కొమ్ము ఒకే తీరున ఎండుతుంది, మొగ్గలు చనిపోతాయి. విత్తనానికి ఉంచే పసుపును ఉడకబెట్టకపోవడానికి కారణం కూడా ఇదే.

నిలవ ఉన్న ఆహారానికి కాపలా కూడా కావాలి. కృష్ణా డెల్టా ఒండ్రునేలల్లో పసుపుతోపాటు పండే కందలో సూదుల వంటి కాల్షియం ఆక్సలేట్ స్ఫటికాలు ఉంటాయి. దుంపను కోసినప్పుడు అవి బయటపడి చర్మానికి, నాలుకకు గుచ్చుకుంటాయి. "కందకు లేని దురద కత్తిపీటకెందుకు?" అనే సామెత పుట్టిన పరిశీలన శాస్త్రానికి దూరమైనది కాదు. చెక్కుచెదరని కణంలో ఆ స్ఫటికాలు కందను బాధించవు, కోత పడ్డాకనే వాటి ప్రభావం తెలుస్తుంది.

5. తుంగ: పత్తి, మిరప చేలల దుంప

5.1. నిర్మాణం

'తుంగ' అనే పేరు కూడా ఒక్క మొక్కకు పరిమితం కాదు. చాపలు అల్లే తుంగ వేరు, చేలో కలుపుగా లేచే తుంగ వేరు. ఈ రెండవదాని శాస్త్రీయనామం సైపెరస్ రొటండస్. దాని దుంపలే ఆయుర్వేదంలో వాడే తుంగముస్తలు. 1977లో వెలువడిన ప్రసిద్ధ కలుపుమొక్కల గ్రంథం దీనిని ప్రపంచంలోకెల్లా అతి హానికరమైన కలుపుగా మొదటిస్థానంలో నిలిపింది.

దుంపనుంచి లేచిన పిలక నేలమట్టానికి కాస్త దిగువన చిన్న ఉబ్బుగా ఏర్పడి ఆకులు వేస్తుంది. ఆ ఉబ్బునుంచి సన్నని భూగర్భకాండాలు పక్కలకు సాగుతాయి. వాటి కొనలు కొన్ని కొత్త పిలకలవుతాయి, కొన్ని దుంపలవుతాయి. దుంపనుంచి మరో కాండం, దాని కొనన మరో దుంప - ఇలా పూసలదండ వంటి గొలుసు ఏర్పడుతుంది. దుంపలలో ఎక్కువ భాగం పైనున్న 15 సెంటీమీటర్ల మట్టిలోనే ఉంటాయి. ప్రతి దుంపలోనూ పలు మొగ్గలుంటాయి.

5.2. తెగితే పెరిగేది

తెలుగులో 'దుంపతెగ' అనేది తిట్టు, 'దుంపనాశనం' అంటే సమూలనాశనం. మొక్క ప్రాణం దుంపలో ఉందన్న పరిశీలన ఈ రెండు మాటలకూ మూలం. తుంగ విషయంలో మాత్రం ఇవి రెండూ ఒకటి కావు. గొలుసు తెగకుండా ఉన్నంతకాలం కొనవైపు మొగ్గ ఆధిపత్యంవల్ల అనేక దుంపలు నిద్రాణంగా ఉంటాయి. గుంటకగాని రోటవేటర్‌గాని గొలుసును తెంచినప్పుడు ఆ అదుపు తొలగి, విడిపోయిన దుంపలు వేటికవి మొలకెత్తుతాయి. పదునున్న నేలలో దుంప తెగడం తుంగకు విస్తరణే అవుతుంది.

చేతితో పీకినప్పుడు సాధారణంగా ఆకులు మాత్రమే చేతికి వస్తాయి, దుంప నేలలోనే ఉండిపోతుంది. దానిలోని పిండి మరో మొగ్గను పైకి పంపుతుంది. దూరందూరంగా నాటే మిరప, పత్తి తొలిదశలో నేలను కప్పలేవు. వెలుతురు బాగా అందితే చురుకుగా పెరిగే తుంగకు ఆ ఖాళీ అనువైనది. కలుపుతీతకు కుటుంబం మళ్లీమళ్లీ పెట్టే కూలిఖర్చు వెనుక ఉన్నది ఈ భూగర్భనిల్వే.

5.3. నిల్వను ఖాళీ చేయడం

దుంపనాశనానికి దారులు నిల్వస్వభావంలోనే ఉన్నాయి. మొదటిది ఎండ. వేసవి లోతుదుక్కిలో పైకి తేలిన దుంపలు రోహిణీకార్తె ఎండలకు తేమ కోల్పోయి చనిపోతాయి. అదే దుక్కి తడినేలలో చేస్తే ఫలితం తారుమారవుతుంది. రెండవది ఎడతెగని కలుపుతీత. కొత్త ఆకులు తిరిగి నేలకు ఆహారం పంపకముందే వాటిని తొలగిస్తూ పోతే పాత నిల్వ తరిగిపోతుంది. కొత్త దుంపలు కొద్ది వారాల్లోనే ఏర్పడతాయి కనుక జాప్యం పనికిరాదు. మూడవది నీడ. నేలను త్వరగా కప్పే పైరు తుంగకు వెలుతురు తగ్గించి, దుంపకు చేరే చక్కెరను తగ్గిస్తుంది.

నాలుగవది రసాయనం. గ్లైఫోసేట్ వంటి మందు ఆకునుంచి చక్కెర వెళ్లే మార్గంలోనే దుంపకు చేరుతుంది. అయితే అది మిరపనూ మామూలు పత్తినీ కూడా చంపుతుంది. దానిని తట్టుకునే పత్తికి దేశంలో అనుమతి లేదు. 2022 అక్టోబరులో కేంద్రప్రభుత్వం గ్లైఫోసేట్ వాడకాన్ని పరిమితం చేసింది. కాబట్టి ఈ మైదానపు రైతుకు మిగిలినవి ప్రధానంగా మొదటి మూడు దారులే. అవి ఫలించేది అదను తెలిసినప్పుడే.

6. ఆహారంగా దుంప

ఈ మైదానానికి పడమటి అంచున నల్లమల ఉంది. అక్కడి చెంచులు అడవిదుంపలను తవ్వి ఆహారంగా తీసుకునే తీరును హైమెన్‌డార్ఫ్ 1943లో ప్రచురించిన తన గ్రంథంలో నమోదు చేశారు. తుంగకు కూడా ఇటువంటి గతం ఉంది. సూడాన్‌లోని అల్ ఖిదే సమాధులలో దొరికిన ప్రాచీన మానవుల దంతాల గారను పరిశీలించి 2014లో వెలువరించిన పరిశోధన, వారు వ్యవసాయానికి ముందూ తరువాతా కూడా తుంగ దుంపలను తిన్నారని సూచించింది. మొక్క తనకోసం దాచుకున్న పిండి ఒకచోట ఆహారం, ఒకచోట ఔషధం, మరొకచోట కలుపు.

7. ముగింపు

1. దుంప, గడ్డ వాడుకలో ఆకారసూచకాలు. దుంపకాండం, కందం, కొమ్ము, లశునం శాస్త్రంలో అవయవసూచకాలు. బోధనలో రెండింటినీ పక్కపక్కన చూపడం అవసరం.
2. పిండి కరగనిది కావడంవల్లనే దుంపలో ఎక్కువ ఆహారం ఇముడుతుంది. మొగ్గ ఉండడంవల్లనే ఆ ఆహారం కొత్త మొక్కగా మారుతుంది.
3. తుంగను అదుపు చేయడమంటే ఆకును తీయడం కాదు, నిల్వను ఖాళీ చేయడం.
4. కంద సామెత, 'దుంపనాశనం' వంటి నుడికారాలు సేద్యపు అనుభవంనుంచి పుట్టిన పరిశీలనలు. 'కాయ', 'కొమ్ము' వంటి మార్కెట్ పదాలతోపాటు వీటినీ ప్రాంతాలవారీగా సేకరించి శాస్త్రపదాలతో అనుసంధానిస్తే వృక్షశాస్త్ర బోధనకూ, వ్యవసాయ విస్తరణకూ, తెలుగు నిఘంటు నిర్మాణానికీ ప్రయోజనం కలుగుతుంది.