1981 పదును, 1985 మసక

ఖరగ్‌పూర్ తెలుగుకు రెండు చిరునామాలు. బెంగాల్ నాగపూర్ రైల్వే రోజుల్లో వర్క్‌షాపు పనికీ, యార్డు పనికీ ఉత్తరాంధ్ర నుంచి వచ్చి స్థిరపడ్డ కుటుంబాలది ఒకటి. నింపురా, మథురాకాటి వైపు వెళ్తే ఆ తెలుగు ఇప్పటికీ వినిపిస్తుంది. 1951లో హిజ్లీ నిర్బంధ శిబిరం భవనంలో ప్రారంభమైన ఐఐటీలో ఏటా వచ్చి చేరే ఆంధ్ర, తెలంగాణ విద్యార్థులది ఇంకొకటి. ఆ ఐఐటీలో రాక్ సంగీతానికి పెద్దపీటే వేశారు. జనవరిలో జరిగే స్ప్రింగ్ ఫెస్ట్‌లో ‘వైల్డ్‌ఫైర్’ పేరుతో రాక్ బ్యాండ్ల పోటీ ఉంటుంది. గిటార్ పట్టిన కుర్రాళ్ళు పాత కచేరీల వీడియోలు పెట్టుకుని, ఎవరి వేళ్ళు ఏ తీగ మీద ఎలా కదులుతున్నాయో చూసి నేర్చుకోవడం ఎక్కడైనా ఉన్నదే.

అలా చూసేవాళ్ళకు ఒక చిక్కుముడి ఎదురవుతుంది. క్వీన్ బ్యాండ్ 1981 నవంబరు 24, 25 తేదీల్లో కెనడాలోని మాంట్రియల్‌లో ఇచ్చిన కచేరీని పెద్ద తెర మీద పెడితే గాయకుడు ఫ్రెడ్డీ మెర్క్యురీ నుదుటి మీది చెమట బొట్టు కూడా కనిపిస్తుంది. 2024 జనవరిలో ఆ చిత్రాన్ని ఐమాక్స్ థియేటర్లలో విడుదల చేశారు. అదే బ్యాండ్ 1985 జులై 13న లండన్ వెంబ్లీ స్టేడియంలో, లైవ్ ఎయిడ్ సహాయ కచేరీ వేదిక మీద దాదాపు 20 నిమిషాలు పాడింది. రాక్ చరిత్రలో ఇంతగా చెప్పుకునే ప్రదర్శనలు తక్కువ. కానీ దాన్ని నేటి పెద్ద టీవీలో పెడితే ముఖాలు అలుక్కుపోయినట్టుంటాయి. గాయకుడు అతనే, మధ్యలో గడిచింది నాలుగేళ్ళే. మరి కొత్తది పాతదానికంటే మసకగా ఎందుకుంది?

చుక్కల లెక్క

లైవ్ ఎయిడ్‌ను టీవీ ప్రత్యక్ష ప్రసారం కోసం వీడియో కెమెరాలతో తీశారు. అప్పటి బ్రిటిష్ టీవీ బొమ్మ 625 అడ్డగీతలతో తయారయ్యేది. అందులో తెర మీద కనిపించేవి 576. మన దూరదర్శన్‌దీ ఇదే పద్ధతి. సెకనుకు 25 బొమ్మలు వెళ్ళేవి. ఒక్కో బొమ్మను మళ్ళీ రెండు సగాలు చేసి, ముందు బేసి గీతలు, ఆ వెనుక సరి గీతలు పంపేవారు. రెండు సగాలకూ మధ్య సెకనులో 50వ వంతు తేడా ఉంటుంది. ఆలోపు డ్రమ్మర్ చెయ్యి కదిలిపోతుంది. అందుకే పాత వీడియోను కంప్యూటర్‌లో ఆపి చూస్తే చేతి అంచు దువ్వెన పళ్ళలా చీలి కనిపిస్తుంది.

ఆ బొమ్మను డిజిటల్‌గా మారిస్తే అడ్డంగా 720, నిలువుగా 576, అంటే 4,14,720 చుక్కలు. ఇవాళ్టి 4కె టీవీలో 3840 × 2160, అంటే 82,94,400. సరిగ్గా 20 రెట్లు. తెరలో 20 చుక్కల చోటుకు రికార్డులో ఉన్నది ఒక్క చుక్క. పదిహేను చుక్కల ముగ్గును వాకిలి నిండా సాగదీసి వేసినా చుక్కలు పదిహేనే. మిగిలిన 19 చుక్కలనూ టీవీ చుట్టుపక్కల రంగులు చూసి తోచినట్టు నింపుతుంది. మనకు మసకగా కనిపించేది ఆ నింపుడే. వెంబ్లీలో ఆ సాయంత్రం కెమెరా పట్టుకోని వివరాన్ని ఏ యంత్రమూ ఆ టేపు నుంచి బయటికి తీయలేదు.

వెండి స్ఫటికాలు

మాంట్రియల్ కచేరీని 35 మి.మీ. సినిమా ఫిల్ము మీద తీశారు. ఫిల్ము మీద గీతలూ ఉండవు, గళ్ళూ ఉండవు. జెలటిన్ పొరలో వెండి లవణాల స్ఫటికాలు అడ్డదిడ్డంగా చల్లి ఉంటాయి. అవి మైక్రాన్ స్థాయి పరిమాణంలో ఉంటాయి. కాంతి తగిలిన స్ఫటికంలో కొద్దిపాటి వెండి పరమాణువులు ఒకచోట చేరతాయి. ల్యాబ్‌లో డెవలపర్ ద్రావణం ఆ చిన్న గుర్తును ఆనవాలుగా తీసుకుని మొత్తం స్ఫటికాన్ని వెండిగా మారుస్తుంది. కలర్ ఫిల్ములో ఆ వెండి చుట్టూ రంగు ఏర్పడుతుంది, తర్వాత వెండిని కడిగేస్తారు. మనం గ్రెయిన్ అని పిలిచేది ఆ రంగు మచ్చల గుంపునే.

ఈ మచ్చల అమరిక ఏ రెండు ఫ్రేముల్లోనూ ఒకేలా ఉండదు. ఒక ఫ్రేములో రెండు మచ్చల మధ్య జారిపోయిన వివరం పక్క ఫ్రేములో దొరకవచ్చు. సెకనుకు 24 ఫ్రేములు కళ్ళ ముందు నుంచి వెళ్ళేటప్పుడు మెదడు వాటిని కలిపి చూస్తుంది. ఫిల్మును ఆపి చూసినప్పటి కంటే ఆడించినప్పుడే స్పష్టంగా అనిపించడానికి కారణం ఇదే.

అయితే 1982లో థియేటర్‌కు వెళ్ళినవాళ్ళు ఇంత పదును చూడలేదు. నెగెటివ్ నుంచి ఒక పాజిటివ్, దాని నుంచి మరో నెగెటివ్, దాని నుంచి థియేటర్ ప్రింటు తీసేవారు. ప్రతి మెట్టులోనూ కొంత వివరం పోయేది. ఇప్పటి స్కానర్‌కు ఆ మెట్లతో పని లేదు. అసలు నెగెటివ్‌నే ఫ్రేము తర్వాత ఫ్రేముగా 4096 చుక్కల వెడల్పున చదవగలదు. దాదాపు 25 మి.మీ. వెడల్పు ఫ్రేము మీద అది మిల్లీమీటరుకు 160కి పైగా చుక్కలు. ఫిల్ములో మొదటి రోజు నుంచీ ఉన్న వివరాన్ని చదవడానికి తగిన పరికరం ఆలస్యంగా వచ్చిందన్నమాట.

ఒకే దర్శకుడు, రెండు ఫిల్ములు

ఫిల్ము అయినంత మాత్రాన అన్నీ ఒకటి కావు. మాంట్రియల్ కచేరీని తీసిన సాల్ స్విమ్మర్ పదేళ్ళ ముందు ఇంకొక కచేరీని తీశాడు. బెంగాల్‌కు అది దగ్గరి సంగతి. 1971లో తూర్పు పాకిస్తాన్ నుంచి కోటి మంది దాకా శరణార్థులు భారతదేశంలోకి వచ్చారు. పశ్చిమ బెంగాల్‌లో శిబిరాలు కిక్కిరిసిపోయాయి. వాళ్ళ సాయం కోసం పండిట్ రవిశంకర్ తన మిత్రుడు, బీటిల్స్ గిటారిస్టు జార్జ్ హారిసన్‌ను కదిలించారు. ఆగస్టు 1న న్యూయార్క్ మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో మధ్యాహ్నం ఒకటి, రాత్రి ఒకటి, రెండు ప్రదర్శనలు జరిగాయి. ముందుగా రవిశంకర్ సితార్, అలీ అక్బర్ ఖాన్ సరోద్, అల్లా రఖా తబలా. వాళ్ళు శ్రుతి సవరించుకుంటుంటేనే పాట అనుకుని జనం చప్పట్లు కొట్టడం ఆ చిత్రంలో చూడొచ్చు.

దాన్ని 16 మి.మీ. ఫిల్ము మీద తీసి, థియేటర్ల కోసం 70 మి.మీ.కు పెంచారు. 16 మి.మీ. ఫ్రేము వైశాల్యం సుమారు 77 చదరపు మిల్లీమీటర్లు. 35 మి.మీ.లో మామూలు ఫ్రేమే 350కి పైన, అంటే నాలుగున్నర రెట్లు. స్ఫటికాల సైజు రెండింట్లోనూ దాదాపు ఒకటే కాబట్టి, చిన్న ఫ్రేములో రవిశంకర్ ముఖానికి దక్కే స్ఫటికాలు తక్కువ. పెద్ద తెర మీదికి పెంచినప్పుడు గ్రెయిన్ కూడా పెరిగి, బొమ్మ మీద ఇసుక కదులుతున్నట్టు కనిపిస్తుంది.

అయితే 16 మి.మీ. కెమెరా తేలిక. భుజాన పెట్టుకుని వేదిక చుట్టూ తిరగొచ్చు. ఫిల్ము ఖర్చూ తక్కువ. రీలు నడిచే సమయం మాత్రం రెండింటికీ ఒక్కటే. 16 మి.మీ.లో 400 అడుగుల రీలు, 35 మి.మీ.లో 1000 అడుగుల రీలు, దేనిలోనైనా 16,000 ఫ్రేములు. అంటే 11 నిమిషాలు. ఆపైన రీలు మార్చాలి. కెమెరాలన్నీ ఒకేసారి ఖాళీ అయితే పాట మధ్యలో బొమ్మే ఉండదు. లెడ్ జెపెలిన్ బ్యాండ్ 1973లో అదే మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో ఇచ్చిన కచేరీల ఫిల్ముకు అలాంటి ఖాళీలే పడ్డాయి. వాటిని పూడ్చడానికి 1974లో ఇంగ్లండ్‌లోని షెపర్టన్ స్టూడియోలో వేదిక వేసి బ్యాండ్ చేత మళ్ళీ నటింపజేశారు. ఆలోపు జుట్టు కత్తిరించుకున్న బేస్ గిటారిస్టు జాన్ పాల్ జోన్స్‌కు విగ్గు పెట్టాల్సి వచ్చింది.

ప్లాట్‌ఫారం పొడవునా చప్పుడు

ఇలాంటి చిత్రీకరణల్లో కెమెరాకు చెవులుండవు. ధ్వనిని విడిగా టేపు యంత్రం రికార్డు చేస్తుంది. రెండింటి గడియారాలూ ఒకే వేగంతో నడవాలి. కెమెరా వేగం వెయ్యిలో ఒక వంతు తప్పినా, 11 నిమిషాల రీలు ముగిసేసరికి తేడా సెకనులో మూడింట రెండు వంతులకు చేరుతుంది. అంటే 16 ఫ్రేములు. పెదవి ఒకటి పలుకుతుంటే పాట ఇంకొకటి వినిపిస్తుంది. క్వార్ట్జ్ స్ఫటికం కంపనాలతో మోటారు వేగాన్ని కట్టేసే పద్ధతి వచ్చాక ఈ బెడద తగ్గింది.

గడియారాలు కుదిరినా ధ్వని వేగం మారదు. మన వేడి గాలిలో అది సెకనుకు సుమారు 345 మీటర్లు. ఫిల్ములో ఒక ఫ్రేము గడిచే సమయంలో శబ్దం 14 మీటర్లే వెళ్తుంది. ఖరగ్‌పూర్ స్టేషన్‌లో ఒకప్పుడు ప్రపంచంలోకెల్లా పొడవైనదిగా పేరుపడ్డ ప్లాట్‌ఫారం 1072.5 మీటర్లు. ఒక చివర ఇంజన్ హారన్ కొడితే రెండో చివర వినిపించేసరికి మూడు సెకన్లు దాటుతుంది. ఫిల్ము లెక్కలో 75 ఫ్రేములు. స్టేడియంలో వేదికకు 100 మీటర్ల దూరాన ఉన్నవాళ్ళకు, అక్కడి స్పీకర్ల నుంచే పాట వస్తే, దరువు ఏడు ఫ్రేములు ఆలస్యంగా చేరుతుంది. వాళ్ళు చప్పట్లు కొట్టేదీ అంతే ఆలస్యంగా. పెద్ద గుంపు చేతులెత్తి తాళం వేసే దృశ్యాల్లో కదలిక ముందు వరుసల నుంచి వెనక్కి అలలా పాకడం ఎడిటింగ్ లోపం అనుకోనక్కర్లేదు, ఫిజిక్స్ అదే చెబుతుంది.

ధ్వనిలోనూ దాగి ఉన్నది ఆలస్యంగా బయటపడవచ్చు. 1969 జనవరిలో బీటిల్స్ రిహార్సళ్ళను 16 మి.మీ. ఫిల్ముతో పాటు నాగ్రా టేపు యంత్రాల మీద మోనోలో రికార్డు చేశారు. గిటార్, డ్రమ్స్, మాటలు అన్నీ ఒకే ట్రాకులో కలిసిపోయాయి. 2021లో వచ్చిన ‘గెట్ బ్యాక్’ డాక్యుమెంటరీ కోసం పీటర్ జాక్సన్ బృందం మెషీన్ లెర్నింగ్‌తో వాటిని విడదీసింది. ప్రతి వాద్యానికీ మూల స్వరం, దాని మీది గుణిజాల బలం, స్వరం మొదలై ఆరిపోయే తీరు వేరుగా ఉంటాయి. విడివిడి ధ్వనులతో శిక్షణ పొందిన ప్రోగ్రామ్ ఆ గుర్తులు పట్టుకుని ఏ క్షణంలో ఏ పౌనఃపున్యం ఎవరిదో తేలుస్తుంది. బీటిల్స్ గాయకుడు జాన్ లెనన్ క్యాసెట్టులో పియానో కింద నలిగిన గొంతును అదే పద్ధతిలో వేరుచేసి 2023లో ‘నౌ అండ్ దెన్’ పాట విడుదల చేశారు.

ఊహించిన ముఖాలు

ఇక్కడ ఒక గీత గీసుకోవాలి. టేపులో కలిసిపోయిన రెండు ధ్వనులను విడదీయడానికి ఆధారం టేపులోనే ఉంది. 576 గీతల వీడియోను ఏఐతో 4కె చేసే ప్రోగ్రాములు వేరే పని చేస్తాయి. వేలాది ముఖాలు చూసి నేర్చుకున్న అనుభవంతో, ఇక్కడ కనురెప్ప ఇలా ఉండొచ్చని గీస్తాయి. బొమ్మ నున్నగా వస్తుంది, కానీ ఆ రెప్ప ఫ్రెడ్డీది కాదు. గ్రెయిన్‌ను మరీ గట్టిగా తుడిచినా చర్మం మైనంలా మారుతుంది. ‘గెట్ బ్యాక్’ బొమ్మ మీద కొందరు ప్రేక్షకులు ఈ విమర్శే చేశారు. గిటార్ వేళ్ళు చూసి నేర్చుకునేవాళ్ళు ఇలాంటి ‘మెరుగుపరిచిన’ వీడియోలను నమ్మడం ప్రమాదం. తీగ మీద వేలి స్థానం కూడా ఊహే కావచ్చు.

హాస్టల్ నెట్‌వర్క్‌లో చేతులు మారే ఫైళ్ళకు మరో జబ్బుంది. వీడియో కంప్రెషన్ గత ఫ్రేముతో పోల్చి, మారిన భాగాన్నే దాచుకుంటుంది. వార్తలు చదివే మనిషి వెనుక గోడ మారదు కనుక అక్కడ పని సులువు. రాక్ వేదిక మీద పొగ, తళుక్కున ఆరి వెలిగే దీపాలు, ఊగే జనం, అన్నీ క్షణక్షణం మారేవే. ఇచ్చిన డేటా చాలక బొమ్మ గళ్ళుగళ్ళుగా విడిపోతుంది. ఒకసారి అలా కుదించిన ఫైలును మళ్ళీ కుదిస్తే నష్టం మీద నష్టం.

మన బీరువాల్లో

ఇదంతా చదివాక ఇంట్లో ఉన్న పెళ్ళి వీడియో క్యాసెట్టు, పూజా పందిట్లో పాడిన ఆర్కెస్ట్రా టేపు గుర్తొస్తే మంచిదే. వాటి శత్రువు తేమ. టేపు మీది ఐరన్ ఆక్సైడ్ పొడిని ప్లాస్టిక్ పట్టీకి అంటించే జిగురు గాలిలోని నీటిని పీల్చి విచ్ఛిన్నమవుతుంది. టేపు జిగటగా మారి యంత్రంలో పట్టేస్తుంది. ఆర్కైవుల్లో ఇలాంటి టేపులను 50 డిగ్రీల ప్రాంతంలో గంటల తరబడి వెచ్చబెట్టి, జిగురుకు పట్టు తిరిగొచ్చిన ఆ కొద్ది కాలంలోనే కాపీ తీస్తారు. ఇంట్లో చేయదగ్గ పని కాదు. అసిటేట్ ఫిల్ముకైతే తేమ, వేడి కలిసి అసిటిక్ ఆమ్లాన్ని పుట్టిస్తాయి. డబ్బా తెరిస్తే వెనిగర్ వాసన కొడుతుంది. పుట్టిన ఆమ్లమే కుళ్ళును ఇంకా వేగిరపరుస్తుంది. వానాకాలంలో గాలి తేమ 80 శాతం దాటే ఖరగ్‌పూర్‌లో ఇవి ఏటా జూన్ నుంచి ఎదుర్కొనే పరీక్షలే.

క్యాసెట్టు కిటికీలోంచి తెల్లటి బూజు కనిపిస్తే దాన్ని వీసీఆర్‌లో పెట్టకండి. బూజు యంత్రానికీ, అక్కణ్ణుంచి మిగతా క్యాసెట్లకూ పాకుతుంది. బాగున్నవాటిని నిలువుగా, సిలికా జెల్ పొట్లాలతో గాలి చొరని డబ్బాలో ఉంచండి. కాపీ తీయించేటప్పుడు కాపీల కాపీ కాకుండా మొదట తీసిన క్యాసెట్టునే ఇవ్వండి. వీహెచ్ఎస్‌లో అడ్డంగా వచ్చే వివరం టీవీ ప్రసారంలో సగానికి అటూ ఇటూ, ప్రతి కాపీలో అది ఇంకా తరుగుతుంది. ఫైలు పెద్దదైనా సరే ఎక్కువ డేటా రేటుతో తీయమనండి, గీతల సగాలను కలపకుండా ఉన్నవున్నట్టు ఉంచమనండి. కలిపే పని తర్వాత ఎప్పుడైనా, మెరుగైన ప్రోగ్రామ్‌తో చేసుకోవచ్చు.

కాపీ వచ్చింది కదా అని క్యాసెట్టు పారేయకండి. స్ప్రింగ్ ఫెస్ట్‌లో మిత్రుడి బ్యాండును ఫోన్లో తీసినా సూత్రం ఒక్కటే. వాట్సాప్‌లో తిరిగే కాపీ చూడ్డానికి సరిపోతుంది. దాచాల్సింది మాత్రం ఫోన్లో మొదట పడ్డ ఫైలును, రెండు వేరువేరు డిస్కుల్లో. మాంట్రియల్ నెగెటివ్‌లోని పదును ఐమాక్స్ తెర మీదికి రావడానికి నలభై ఏళ్ళకు పైగా పట్టింది. ఆ నెగెటివ్‌ను ఎవరో జాగ్రత్తగా దాచారు కాబట్టే అది సాధ్యమైంది.