హాఫ్ మారథాన్‌కు ముందు చివరి రెండు వారాలు

పూర్వం మన ప్రాంతాల్లో రోడ్డు మీద పరిగెత్తేవారంటే పోలీసు ఉద్యోగాల సెలక్షన్లకు తయారయ్యే కుర్రవాళ్లే. ఇప్పుడు నలభై, యాభై దాటినవారు, బి.పి., షుగరు మాత్రలు వాడుతున్నవారు కూడా తెల్లవారుజామునే బూట్లు వేసుకుని బయలుదేరుతున్నారు. హైదరాబాదులో ఆగస్టు నెలలో జరిగే మారథాన్‌లోనూ, విశాఖ బీచ్ రోడ్డులో నౌకాదళం నిర్వహించే పరుగులోనూ హాఫ్ మారథాన్‌కు, అంటే దాదాపు 21.1 కిలోమీటర్ల పరుగుకు, పేరు ఇచ్చేవారిలో ఇటువంటి సామాన్యులు చాలామంది ఉంటారు. ఇది సంతోషించవలసిన విషయమే. అయితే మూడు నాలుగు నెలలు ఓపికగా సాధన చేసినవారు కూడా చివరి రెండు వారాల్లో తొందరపడి దెబ్బతినే అవకాశం ఉంది. ఈ రెండు వారాల్లో కొత్తగా సంపాదించుకునే బలం దాదాపు ఏమీ ఉండదు, పోగొట్టుకోవడానికి మాత్రం చాలా ఉంటుంది.

విశ్రాంతి కూడా సాధనలో భాగమే

మనం పరిగెత్తుతున్నప్పుడు కండరం బలపడదు. నిజానికి అప్పుడు అందులోని సన్నని పోగులు కొంత దెబ్బతింటాయి. ఆ తరువాత తినే తిండితోనూ, నిద్రతోనూ శరీరం వాటిని బాగుచేసుకుని మునుపటికంటె గట్టిగా తయారవుతుంది. ఇందుకు సమయం పడుతుంది. కాబట్టి పరుగుకు ఐదు రోజుల ముందు చేసిన కఠినమైన సాధన వలన ఆ ఆదివారం నాటికి మిగిలేది అలసట మాత్రమే. మరొక మేలైన సంగతి ఏమంటే, సాధన తగ్గించినప్పుడు అలసట త్వరగా పోతుంది, నెలల తరబడి సంపాదించిన దమ్ము మాత్రం అంత త్వరగా పోదు.

ఎంత తగ్గించాలి? పరుగు, ఈత, సైకిల్ క్రీడాకారులపై జరిగిన అనేక పరిశోధనలను కలిపి పరిశీలించిన ఒక సమీక్ష 2007లో వెలువడింది. రెండు వారాలపాటు దూరాన్ని 41 నుండి 60 శాతం వరకు తగ్గించి, వేగాన్నీ, వారంలో పరిగెత్తే రోజుల సంఖ్యనూ తగ్గించకుండా ఉంచినవారికి ఎక్కువ ఫలితం కనిపించిందని అందులో తేలింది. ఈ మాట జాగ్రత్తగా గమనించాలి. తగ్గించవలసింది దూరం. పూర్తిగా మానివేసి మంచం ఎక్కమని దీని అర్థం కాదు.

ఉదాహరణకు వారానికి నాలుగు రోజులు, మొత్తం 40 కి.మీ. పరిగెత్తే వ్యక్తిని తీసుకుందాం. ఆయన చివరి పెద్ద పరుగు, అంటే 16 నుండి 18 కి.మీ., అసలు రోజుకు కనీసం రెండు వారాల ముందే ముగిసిపోవాలి. మరుసటి వారం మొత్తం 24 కి.మీ. చాలు, అందులో ఆదివారం నాటి పరుగు పది కిలోమీటర్లు దాటకూడదు. ఆఖరి వారంలో అసలు పరుగు కాక 12, 14 కి.మీ. సరిపోతుంది. ఒక రోజు మాత్రం మూడు కిలోమీటర్లు అసలు పరుగు రోజున అనుకున్న వేగంతోనే పరిగెత్తి కాళ్లకు ఆ వేగాన్ని గుర్తుచేయాలి. శుక్రవారం విశ్రాంతి. శనివారం కాసేపు నడిచినా చాలు. మధ్యలో ఏదైనా పెద్ద పరుగు తప్పిపోయి ఉంటే దాన్ని ఇప్పుడు పూడ్చుకోవాలని చూడవద్దు.

ఇంట్లోవారికి ఇది వింతగా తోస్తుంది. “పరుగు దగ్గరపడితే ఇంకా ఎక్కువ పరిగెత్తాలి గాని ఇలా కూర్చుంటారేమిటి?” అని అడుగుతారు. పరిగెత్తే వ్యక్తికీ మనసు కుదురుగా ఉండదు. కాళ్లు బరువెక్కినట్లు, లేని నొప్పి ఏదో మొదలైనట్లు అనిపిస్తుంది. బరువు ఒక కిలో వరకు పెరగవచ్చు. అది కొవ్వు కాదు. అన్నం నుండి వచ్చే పిండిపదార్థం కండరాల్లో గ్లైకోజెన్ అనే రూపంలో నిలవ ఉంటుంది. ప్రతి గ్రాము గ్లైకోజెన్‌తోపాటు సుమారు మూడు గ్రాముల నీరు కూడా చేరుతుంది. పరుగు రోజున ఖర్చయ్యేది ఆ నిలవే కనుక ఆ బరువును చూసి తిండి తగ్గించుకోకూడదు.

జ్వరం వస్తే

హైదరాబాదు మారథాన్ వానాకాలంలో వస్తుంది. డెంగ్యూ, వైరల్ జ్వరాలు ఎక్కువగా ఉండే కాలం కూడా అదే. నెలల శ్రమ, కట్టిన ఫీజు, వచ్చిన టీ షర్టు గుర్తుకువచ్చి ఒక పారాసెటమాల్ మాత్ర వేసుకుని పరుగుకు వెళ్లాలనిపిస్తుంది. ఇది ప్రాణాపాయం. కొన్ని వైరస్‌లు గుండె కండరానికి వాపు తెస్తాయి. ఆ స్థితిలో గంటల తరబడి పరిగెత్తితే గుండె లయ తప్పి మనిషి ఉన్నట్టుండి కుప్పకూలవచ్చు.

కాస్త ముక్కు కారడం, తుమ్ములు మాత్రమే ఉంటే మెల్లగా పరిగెత్తి చూడవచ్చు. జ్వరం, ఒళ్లు నొప్పులు, ఛాతీలో కఫం, విరేచనాలు, వీటిలో ఏది ఉన్నా పరుగు మానాలి. డెంగ్యూ విషయంలో మరొక మెలిక ఉంది. అందులో జ్వరం దిగిన తరువాతే ప్లేట్‌లెట్లు బాగా పడిపోయే ప్రమాదకర దశ మొదలవుతుంది. కాబట్టి “జ్వరం తగ్గిపోయింది కదా” అనే మాట అనుమతి పత్రం కాదు. వైద్యుడు పరీక్షించి చెప్పాలి. పరుగు మళ్లీ వచ్చే ఏడాది ఉంటుంది.

గుండె సంగతి ఎత్తుకున్నాం గనుక అనవసరంగా భయపడకుండా ఒక లెక్క చెప్పాలి. అమెరికాలో 2000 నుండి 2010 వరకు మారథాన్, హాఫ్ మారథాన్ పరిగెత్తిన సుమారు ఒక కోటి తొమ్మిది లక్షల మందిలో గుండె ఆగినవారు 59 మంది. హాఫ్ మారథాన్‌లో ఈ ప్రమాదం ఇంకా తక్కువ. కాని సాధనలో ఛాతీ బరువెక్కడం, కళ్లు తిరగడం, మునుపు లేని ఆయాసం కనబడినవారు, చిన్న వయసులోనే గుండె జబ్బుతో ఎవరైనా చనిపోయిన కుటుంబాలవారు ఈ లెక్క చూసి ధైర్యపడకూడదు. చివరి వారంలోనైనా సరే, వచ్చి చూపించుకోవాలి.

నొప్పి మాత్రల జోలికి పోవద్దు

మెడికల్ షాపులో అడిగి తెచ్చుకునే డైక్లోఫినాక్, ఐబుప్రొఫెన్ వంటి మాత్రలను పరుగుకు ముందు ‘ముందు జాగ్రత్త’గా వేసుకునే అలవాటు కొందరిలో ఉంది. పరిగెత్తేటప్పుడు రక్తం కండరాలకు ఎక్కువగా వెళ్లి మూత్రపిండాలకు తగ్గుతుంది. అప్పుడు మూత్రపిండాలు ఒక సహజ పదార్థం సాయంతో తమ రక్తనాళాలను తెరిచి ఉంచుకుంటాయి. ఈ మాత్రలు సరిగ్గా ఆ పదార్థాన్నే అడ్డుకుంటాయి. చెమటతో నీరు కూడా పోయిన శరీరంలో ఇది మూత్రపిండాలకు గట్టి దెబ్బ. బి.పి. మాత్రలు వాడేవారికి మరీ ప్రమాదం.

అంతేకాక నొప్పి ఒక కబురు తెస్తుంది. రెండు కాళ్లలోనూ సమానంగా ఉండే తీపులు రెండు రోజుల్లో పోతాయి. ముంగాలి ఎముక మీద ఒకే చోట వేలితో నొక్కితే నొప్పి, ఒంటికాలితో గెంతితే నొప్పి ఉంటే ఎముకలో సన్నని చీలిక ఉండవచ్చు. అది మొదట్లో ఎక్స్‌రేలో కనబడకపోవచ్చు కూడా. మాత్రతో దాన్ని కప్పిపెట్టి 21 కిలోమీటర్లు పరిగెత్తితే చీలిక విరుగుడుగా మారుతుంది.

తిండి, నీరు, మందులు

చివరి మూడు రోజులు అన్నం, ఇడ్లీ, రొట్టె, అరటిపండు కాస్త ఎక్కువగా తీసుకోవాలి. శనివారం రాత్రి బిరియాని వద్దు. పెరుగన్నం తిని పడుకున్నవాడు ఉదయం సుఖంగా పరిగెత్తుతాడు. శుక్రవారం ఉపవాస ప్రార్థనలో పాల్గొనే అలవాటు ఉన్నవారు ఆ వారం ప్రార్థన ఉంచుకుని ఉపవాసాన్ని మరొక వారానికి మార్చుకోవడం మంచిది. కొత్త బూట్లు, కొత్త పానీయాలు, కొత్త జెల్‌లు ఆ రోజున మొదలుపెట్టవద్దు.

షుగరు ఉన్నవారు పరుగు తగ్గించి అన్నం పెంచితే ఆ వారం షుగరు పెరగవచ్చు. పరుగు రోజున మాత్రం అది పడిపోవచ్చు. ఇన్సులిన్, గ్లిమిపిరైడ్ వంటివి వాడేవారికి ఈ భయం ఎక్కువ. మోతాదును సొంతంగా మార్చుకోకుండా, మానకుండా, వారం ముందే వైద్యుని అడగాలి. జేబులో గ్లూకోజు పొడి ఉండాలి.

నీళ్లు ఎంత తాగితే అంత మంచిదనుకోవడం పొరపాటు. 2002లో బోస్టన్ మారథాన్ ముగించిన 488 మంది రక్తాన్ని పరీక్షిస్తే, నూటికి 13 మందిలో సోడియం ఉండవలసినదానికంటె తక్కువగా ఉంది. పరుగు ముగిసేసరికి బరువు పెరిగినవారిలో, అంటే చెమటగా పోయినదానికంటె ఎక్కువ తాగినవారిలో, ఇది ఎక్కువగా కనబడింది. సోడియం మరీ పడిపోతే తలనొప్పి, వాంతులు, మూర్ఛ వస్తాయి. దాహాన్ని బట్టి తాగండి. ఓ.ఆర్.ఎస్. తాగేవారు ప్యాకెట్ మీద రాసిన కొలత నీటిలోనే కలపాలి, సగం నీటిలో చిక్కగా కలపకూడదు.

చివరిగా, దారిలో నిలబడి చప్పట్లు కొట్టే కుటుంబ సభ్యులకు ఒక మాట. పరిగెత్తే మనిషి తూలుతూ, పొంతన లేకుండా మాట్లాడితే అలసట అనుకోవద్దు, వడదెబ్బ కావచ్చు. అక్కడే ఆపి నీడకు చేర్చి, 108కి ఫోను చేయించి, అంబులెన్సు వచ్చేవరకు చల్లని నీళ్లతో, ఐసుతో ఒళ్లంతా తడుపుతూ ఉండాలి. ఇంటికి వచ్చిన తరువాత ఒకటి రెండు రోజుల్లో మూత్రం కోలా రంగులో వచ్చినా, బాగా తగ్గిపోయినా తెల్లవారేవరకు ఆగకుండా ఆసుపత్రికి తీసుకురండి.