ఫిరంగిని రెండుగా విడదీసిన లెక్క
తిరుమలకు నడిచి వెళ్లేటప్పుడు లగేజీని అలిపిరి కౌంటర్‌లో ఇచ్చేసి, కొండపైన తీసుకుంటారు కదా! జపాన్ సైన్యానిదీ అదే లెక్క.

జర్మనీ క్రుప్ కంపెనీ డిజైన్‌తో వచ్చిన టైప్ 38 భారీ ఫిరంగి గుర్రాలకు మరీ బరువైంది. అందుకే 1915లో టైప్ 4 తయారైంది. కాలిబర్ దాదాపు 150 మిల్లీమీటర్లు. దారిలో గొట్టం వేరు, బండి వేరు. ఒక్కోదానికి ఆరు గుర్రాలు. చోటు చేరాక మళ్లీ బిగించాలి. ప్రయాణం సులువైంది, కానీ బిగించడానికి టైమ్ పట్టేది. తర్వాత టైప్ 96 వచ్చాక లాగే పని ట్రాక్టర్లకు మారింది.

ఇంటర్వ్యూలో మీ ప్రాజెక్టు గురించి అడిగితే 'ఏం చేశాం' దగ్గరే ఆగిపోకండి. ఏ ఇబ్బంది వల్ల ఆ డిజైన్ ఎంచుకున్నారు, దానికోసం ఏం వదులుకున్నారు... ఈ రెండూ చెప్పండి. ఇంజినీరింగ్ అంటే అదే.