లీ నా సొంత దారి

2011 ఫ్రెంచ్ ఓపెన్ ఫైనల్లో ఫ్రాన్సెస్కా స్కియవోనిని 6-4, 7-6తో ఓడించి, గ్రాండ్‌స్లామ్ సింగిల్స్ నెగ్గిన తొలి ఆసియా దేశపు ప్లేయర్‌గా నిలిచింది చైనా అమ్మాయి లీ నా. నాకు మాత్రం ఆ కప్పు కంటే ఆమె మొండితనం మీదే అభిమానం.

పుట్టింది 1982లో, వూహాన్‌లో. నాన్న బ్యాడ్మింటన్ ఆటగాడు. ఆమె కూడా మొదట పట్టింది ఆ రాకెట్టే. ఆమెకు పద్నాలుగేళ్లప్పుడే నాన్న పోయాడు. 2002లో టెన్నిస్ మానేసి జర్నలిజం చదువుకోవడానికి వెళ్లిపోయింది. రెండేళ్లకు తిరిగొచ్చి, గ్వాంగ్‌జౌలో డబ్ల్యూటీఏ సింగిల్స్ టైటిల్ గెలిచిన తొలి చైనా మహిళ అయింది.

అప్పట్లో చైనాలో కోచ్ ఎవరో, ఏ టోర్నీ ఆడాలో ప్రభుత్వమే తేల్చేది. గెలిచిన డబ్బులో పెద్ద వాటా కూడా దానిదే. 2008 బీజింగ్ ఒలింపిక్స్ తర్వాత కొద్దిమందికి సొంతంగా ఆడుకునే వీలిచ్చారు. ఖర్చులు, కోచ్ జీతం, ఓటమి భారం అన్నీ లీ నా తనే నెత్తికెత్తుకుంది. భర్త జియాంగ్ షాన్ కొన్నాళ్లు కోచ్‌గా ఉన్నాడు. నా దృష్టిలో ఆమె జీవితంలో అసలు గెలుపు సొంతంగా ఆడాలన్న ఆ నిర్ణయమే.

2014లో ఆస్ట్రేలియన్ ఓపెన్ గెలిచి, ప్రపంచ రెండో ర్యాంకుకు చేరింది. మోకాళ్లకు నాలుగు ఆపరేషన్లయ్యాక అదే ఏడాది సెప్టెంబర్‌లో రిటైరైంది. 2019లో అంతర్జాతీయ టెన్నిస్ హాల్ ఆఫ్ ఫేమ్‌లో చోటు దక్కింది. ఆసియా నుంచి ఆ గౌరవం పొందిన తొలి ప్లేయర్ ఆమే.