చెవులతో చూచిన దశాబ్దము

దౌల్తాబాద్ అన్నంతనే పలువురకు మహారాష్ట్రమునందలి దేవగిరి కోట స్మరణకు వచ్చును. మేమిచ్చట ప్రస్తావించుచున్నది కొడంగల్, తాండూరుల చెంతనున్న మన దౌల్తాబాద్. నేడది వికారాబాదు జిల్లాలో నున్నది. ఈ సీమ చరిత్రలో ఒక విశేషము కలదు. 1956 నవంబరు 1వ తేదీకి పూర్వము కొడంగల్, తాండూరు తాలూకాలు హైదరాబాదు రాష్ట్రమునందలి గుల్బర్గా జిల్లాలో నుండెడివి. రాష్ట్రముల పునర్విభజన నాడు ఆ జిల్లా మైసూరు రాష్ట్రమునకు పోగా, ఈ రెండు తాలూకాలు మాత్రము ఆంధ్రప్రదేశ్‌లో చేరెను. ఇంట తెలుగు, సంతలో కన్నడము, కచేరీలో ఉర్దూ వినబడు ఈ ప్రాంతము ఆ విధముగా క్రొత్త రాష్ట్రముతోడను, కొద్దికాలమునకే క్రొత్త దశాబ్దముతోడను పరిచయము చేసికొనవలసి వచ్చెను.

1960 మొదలు 1969 వరకు గడచిన పదేండ్లలో రెండు యుద్ధములు జరిగెను. ఇరువురు ప్రధానులు పదవిలో నుండగనే గతించిరి. మానవుడు చంద్రునిపై పాదము మోపెను. ఈ సంగతులన్నియు ఇట్టి పల్లెలకు ఎట్లు చేరెను? దినపత్రిక చేరుసరికి ఒకటి రెండు దినములు గడచిపోయెడివి. టెలివిజను 1959లో ఢిల్లీలో మొదలైనను, హైదరాబాదులో కేంద్రము వెలసినది 1977లో మాత్రమే. కావున తెలుగు పల్లె ఆ దశాబ్దమును కంటితో చూడలేదు, చెవితో చూచినది. ఆ వినికిడిని గూర్చియే నేడు మా మనవి. మేము ఆ కాలము గడచిన పిదప ఈ కొలువులో చేరినవారము. అయినను మా వృత్తికి పునాదులు పడినది అప్పుడే.

హైదరాబాదులో రేడియో ప్రసారములు 1930 దశకములోనే ఆరంభమయ్యెను. నిజాము ప్రభుత్వ నిర్వహణలో దక్కన్ రేడియోగా పేరొందిన ఆ కేంద్రమున ఉర్దూకు ప్రాధాన్యముండెను. తెలుగు, కన్నడము, మరాఠీ భాషలకును కొంత చోటుండెను. 1950 ఏప్రిల్ 1న ఆ కేంద్రము ఆలిండియా రేడియోలో విలీనమైనది. అటుపై హైదరాబాదు నుండి తెలుగు, ధార్వాడ నుండి కన్నడము, 1966 నుండి గుల్బర్గా కేంద్రపు ప్రసారములు సరిహద్దు సీమలోని శ్రోతకు అందుబాటులోనికి వచ్చినవి. రాష్ట్రముల నడుమ గీచిన గీత భూమిపై నిలిచినదే గాని గాలిలో నిలువలేదు.

ఇందుకు శాస్త్రకారణము కలదు. మీడియం వేవ్ తరంగములు పగటివేళ నేలనంటి ప్రయాణించును. అందుచే సమీప కేంద్రమే స్పష్టముగా వినబడును. సూర్యాస్తమయానంతరము ఆకాశమున ఎత్తుననున్న అయానావరణము ఆ తరంగములను తిరిగి భూమివైపునకు మరలించును. అప్పుడు దూర కేంద్రములు కూడ అలలవలె లేచుచు, పడుచు వినవచ్చును. షార్టు వేవ్ తరంగములకు ఈ ఆకాశమార్గమే ప్రధానము. 41 మీటర్ల బ్యాండుపై సముద్రముల కావలినుండి రేడియో సిలోన్ వినబడుటకు ఇదియే రహస్యము.

ఆనాడు రేడియో కొనుట సామాన్యమైన పని కాదు. వాల్వు సెట్టు మీట త్రిప్పిన వెంటనే పలికెడిది కాదు. లోపలి వాల్వులు వేడెక్కువరకు వేచియుండవలెను. ఇంటి కప్పుపై తీగ కట్టవలెను. తపాలా కార్యాలయమున ఏటేట రుసుము చెల్లించి లైసెన్సు పుస్తకములో ముద్ర వేయించుకొనవలెను. ఈ లైసెన్సు విధానము 1980 దశకము నడిమి వరకు సాగినది. విద్యుత్తు లేని పల్లెలకు ఇవన్నియు దూరమే గనుక, ప్రభుత్వము పంచాయతీలకు సామూహిక శ్రవణమునకై బ్యాటరీ సెట్లను సమకూర్చెను. సాయంకాలము పంచాయతీ ఇంటి అరుగుపై పదిమందియు చేరి వినుట దాని ఉద్దేశము. బ్యాటరీ అయిపోయినచో క్రొత్తది వచ్చువరకు ఊరు మూగవోయెడిది.

ఈ స్థితిని మార్చినది ట్రాన్సిస్టరు. 1947లో అమెరికాలోని బెల్ ప్రయోగశాలలో పుట్టిన ఈ చిన్న పరికరము వాల్వు చేయు పనినే అత్యల్ప విద్యుత్తుతో చేయగలదు. వేడెక్కనక్కరలేదు, చిన్న బ్యాటరీలు చాలును. 1960 దశకములో ఇది మనదేశమున వ్యాపించుటతో రేడియో బల్లపై నుండి దిగి చేతిసంచిలోనికి, పొలము గట్టుపైకి నడచినది.

ఇక సంఘటనలు. 1962 అక్టోబరు 20న చైనా సైన్యము దాడి ప్రారంభించెను. రెండు దినముల పిమ్మట ప్రధాని నెహ్రూ రేడియోలో జాతినుద్దేశించి ప్రసంగించెను. 1964 మే 27 మధ్యాహ్నము ఆయన మరణవార్త వెలువడెను. మామూలు కార్యక్రమములు నిలిచిపోవుటయే, వార్త తెలియకముందే, వినువారికి ఏదో కీడును సూచించుట ఆ రోజులనుండి అలవాటైనది. 1965 సెప్టెంబరులో పాకిస్తానుతో యుద్ధము జరుగగా, వార్తల వేళకు ట్రాన్సిస్టరు చుట్టును గుమిగూడని వీధి లేదు. 1966 జనవరి 10న తాష్కెంటులో ఒప్పందముపై సంతకములు జరిగెను. ఆ మాట విని నిశ్చింతగ నిదురించినవారు, తెల్లవారి లేచి లాల్ బహదూర్ శాస్త్రి ఇక లేడని వినిరి. ఒక్క రాత్రిలో సంతోషమును, దుఃఖమును అదే పెట్టె మోసికొని వచ్చెను.

శుభవార్తలకును కొదువలేదు. 1962 సెప్టెంబరు 4న జకార్తా ఆసియా క్రీడలలో భారత ఫుట్‌బాల్ జట్టు స్వర్ణపతకము గెలిచెను. ఆ జట్టును తీర్చిదిద్దిన సయ్యద్ అబ్దుల్ రహీం హైదరాబాదు వాస్తవ్యుడు. 1967 ఆగస్టు 4న ప్రధాని ఇందిరాగాంధీ నాగార్జునసాగరు కాలువలకు నీరు విడిచెను. 1969 జూలై 19 రాత్రి ఆమె పదునాలుగు బ్యాంకుల జాతీయకరణమును రేడియోలో ప్రకటించెను. ఆ వెనువెంటనే, మన కాలమానమున జూలై 21 సోమవారము ఉదయము ఎనిమిదిన్నర గంటల ప్రాంతమున, నీల్ ఆర్మ్‌స్ట్రాంగ్ చంద్రునిపై అడుగిడెను. పాశ్చాత్య దేశములలో కోట్లాది ప్రజలు ఆ దృశ్యమును టెలివిజనులో చూచిరి. మన పల్లెలలో అదే సంగతిని రేడియోలో విని, ఆ రాత్రి వాకిట నిలిచి చందమామను కొత్తగ చూచిరి.

వినోదము మాటకు వచ్చిన, ఆ కథలో మా సంస్థకు అంతగా పొగడ్త దక్కదు. సమాచార, ప్రసార మంత్రి బి. వి. కేస్కర్ కాలమున, 1952 నుండి, ఆలిండియా రేడియోలో సినిమా పాటలు మిక్కిలి తగ్గించబడెను. శాస్త్రీయ సంగీతమే శ్రోతల అభిరుచిని పెంచునని ఆయన విశ్వాసము. శ్రోతలు వాదించలేదు, ముల్లును సిలోన్ వైపునకు త్రిప్పిరి. తత్ఫలితముగ 1957 అక్టోబరు 3న వివిధ భారతి అవతరించినది. 1963లో వెలువడిన రంగుల చిత్రము 'లవకుశ' పాటలు, చిత్రము చూడనివారి నోట కూడ పలికినవనిన, అందులో ఘంటసాల గానమునకెంత పాలు కలదో రేడియోకును అంత పాలు కలదు. పిల్లలకై న్యాయపతి రాఘవరావు, కామేశ్వరి దంపతులు నడిపిన బాలానందము మరొక వెలుగు. రేడియో అన్నయ్య, రేడియో అక్కయ్య అను పేర్లు ఎన్నడును చూడని పిల్లలకు సైతము చుట్టరికము కలిపినవి.

సేద్యమునకు రేడియో చేసిన సేవ వేరుగ చెప్పదగినది. 1956లో పూనా పరిసర జిల్లాలలో నూటయేబది గ్రామములలో రేడియో గ్రామ గోష్ఠులు ప్రయోగాత్మకముగ నడిచినవి. వినుట, చర్చించుట, ఆచరించుట అను మూడు మెట్లు వానికి ఆధారము. 1959 నవంబరులో ఆ పద్ధతి దేశమంతటికి విస్తరించెను. తంజావూరు రైతులు ఏ.డి.టి. 27 అను క్రొత్త వరిని 'రేడియో వరి' యని పిలిచిరనిన, ఆ మాట బలమెట్టిదో ఊహింపవచ్చును. జొన్న, కంది పండు మెట్టసీమలకు 1964లో విడుదలైన సి.ఎస్.హెచ్. 1 సంకర జొన్న అట్టి క్రొత్త వార్తయే.

ఇంత చెప్పిన పిదప ఒక నిజమును దాచరాదు. ఆనాటి రేడియో ప్రభుత్వ శాఖ. ప్రభుత్వము పలుకనిచ్చినదే అది పలికెను. 1969లో తెలంగాణా ఉద్యమము చెలరేగినపుడు, వీధిలో జరుగుచున్నదంతయు పెట్టెలో వినబడుట లేదని శ్రోతలకు తెలియును. బి.బి.సి. వైపునకు ముల్లు త్రిప్పినవారును కలరు. శ్రోత ఏనాడును అమాయకుడు కాడు. రెండు కేంద్రములు విని నడుమనున్న సత్యమును తానే తూచుకొనెను. ప్రసారభారతి స్వతంత్ర సంస్థగ ఏర్పడుటకు 1997 వరకు వేచియుండవలసి వచ్చెను.

ఇప్పుడు అసలు మనవి. ఆ దశాబ్దపు ప్రసారములలో అధికభాగము నేడు లేదు. చాల కార్యక్రమములు సూటిగ ప్రసారమై గాలిలో కలిసినవి. రికార్డు చేసిన వానిలోను అనేకము నిలువలేదు. టేపు ఖరీదైనది గనుక, పాతదానిని చెరిపి దానిపైననే క్రొత్తదానిని ఎక్కించుట ఆనాటి రివాజు. ఆకాశవాణి భాండాగారమున భద్రపడినది విలువైనదే; అది సముద్రములో చేరెడు. ఢిల్లీలో పలికిన ప్రసంగపు ప్రతి దొరకవచ్చును. దానిని కొడంగల్ సీమలో ఒక పల్లె అరుగుపై ఎవరెవరు కూర్చుండి వినిరి, ఉర్దూ తెలిసినవాడు తెలియనివానికెట్లు వివరించెను, విన్న పిదప ఏమనుకొనిరి అనునది ఏ భాండాగారమునను లేదు. అది పెద్దల జ్ఞాపకమున మాత్రమే కలదు. 1962లో పదేండ్ల బాలునికి నేడు డెబ్బది దాటినవి.

కావున, మీ ఇంట అట్టి పెద్దలున్నచో, ఒక సాయంకాలము వారి చెంత కూర్చుండి అడుగుడు: మన ఊరిలో మొదటి రేడియో ఎవరి ఇంటికి వచ్చెను? నెహ్రూ మరణవార్త ఎచ్చట వింటిరి? చంద్రునిపై మనిషి నడచెనన్న నమ్మితిరా? వారు చెప్పినది చెప్పినట్లు, వారి ఊరి మాటలోనే వ్రాసికొనుడు, లేదా ఫోనులో రికార్డు చేయుడు. మేము పలికినదానిని మేము నిలుపుకొనలేకపోతిమి. మీరు విన్నదానినైనను మీరు నిలుపుడు.