నెల రోజులు, రోజుకో బాణీ

రోజుకో చిన్న బాణీ కట్టి, ఆ రోజే రికార్డు చేసి, బాగున్నా బాగోకపోయినా నలుగురికీ వినిపించడం ఔత్సాహిక సంగీతకారులు తమకు తాము పెట్టుకునే పందెం. సింథసైజర్ వాయించేవాళ్లలో బాగా పేరుపడింది ‘జామువరీ’. జనవరి 1 నుంచి 31 దాకా రోజూ ఒక జామ్, అంటే అప్పటికప్పుడు అల్లుకుంటూ వాయించిన సంగీతం, రికార్డు చేయాలి. దరఖాస్తు లేదు, ఫీజు లేదు, జడ్జీలు లేరు, బహుమతీ లేదు. ఒక రోజు తప్పితే అడిగే నాథుడూ లేడు. అయినా ఏటా కొత్త సంవత్సరం రాగానే దేశదేశాల్లో జనం ఇందులో దిగుతూనే ఉంటారు.

ఇలాంటి పందేలకు పాతికేళ్లకు మించిన చరిత్ర లేదనే చెప్పాలి. 2004లో బర్ సెటిల్స్ అనే అమెరికన్, ఫిబ్రవరి నెలలో 14 పాటలు రాయాలన్న పందెం మొదలుపెట్టాడు. అంటే రెండు రోజులకొకటి. వృత్తిరీత్యా ఆయన కంప్యూటర్ శాస్త్రవేత్త. 2012 జనవరిలో మార్క్ వైడెన్‌బామ్ ‘డిస్‌క్వైట్ జుంటో’ పేరుతో వారపు పందెం తెచ్చాడు. గురువారం ఒక పని ఇస్తారు, సోమవారం రాత్రికల్లా ముగించాలి. మొట్టమొదట ఇచ్చిన పని మరీ విచిత్రం: గ్లాసులో ఐసుముక్క గలగలలాడే చప్పుడు రికార్డు చేసి, దాంతో ఏదైనా సంగీతం తయారు చేయడం. రోజువారీ పందేన్ని అందరికంటే దూరం లాక్కెళ్లినవాడు మాత్రం జొనాథన్ మాన్. 2009 జనవరి 1న ‘రోజుకో పాట’ అంటూ మొదలుపెట్టి ఏళ్ల తరబడి ఒక్క రోజూ మానకుండా గిన్నిస్ రికార్డుకెక్కాడు. 2010 జులైలో ఐఫోన్ 4 యాంటెన్నా మీద గొడవ రేగినప్పుడు ఆయన కట్టిన పాటనే ఆపిల్ సంస్థ తన విలేకరుల సమావేశంలో వేసి చూపించింది. మాన్‌కు ఆ తర్వాత అదే బతుకుతెరువైంది కాబట్టి ఆయన్ను ఔత్సాహికుల లెక్కలో వేయడం సరికాదు.

ఉద్యోగం చేసుకునేవాళ్లకు ఈ పనికి దొరికేది రాత్రి భోజనాలయ్యాక గంటో గంటన్నరో. కంప్యూటర్‌లోనో ఫోన్‌లోనో రికార్డింగ్ సాఫ్ట్‌వేర్ తెరిచి ముందు వేగం తేల్చుకోవాలి. నిమిషానికి 120 బీట్లయితే నాలుగు బీట్ల ఆవర్తనం సరిగ్గా రెండు సెకన్లు, నాలుగు ఆవర్తనాల లూప్, అంటే తిరిగి తిరిగి మోగే ముక్క, ఎనిమిది సెకన్లు. అందులో ఒక డ్రమ్ము, దానికి తోడు బేస్, పైన ఓ స్వరాల వరస పేర్చడానికి అరగంట చాలు. చిక్కంతా ఆ తర్వాతే. లూప్ ఎంత బాగున్నా కాసేపటికి చెవికి విసుగొస్తుంది. దాన్ని రెండు నిమిషాల సంగీతంగా మలచాలంటే డ్రమ్ము ఎక్కడ ఆపాలి, బేస్ ఎప్పుడు దింపాలి, ఎలా ముగించాలి అన్నవి తేలాలి. మామూలు రోజుల్లో చాలామంది ఇక్కడే ఆగిపోతారు. వాళ్ల హార్డ్‌డిస్కులు తెరిస్తే ఎనిమిది సెకన్ల దగ్గర నిలిచిపోయిన ఫైళ్లు డజన్లకొద్దీ కనిపిస్తాయి. పందెంలో ఆ వెసులుబాటు లేదు. పన్నెండు కొట్టేలోగా ఏదో ఒక ముగింపు పెట్టి తీరాలి. నెల తిరిగేసరికి 31 సార్లు ముగించడం అలవాటవుతుంది. ఈ పందెం ఇచ్చే అసలైన శిక్షణ ఇదే.

సాఫ్ట్‌వేర్‌లో వందలకొద్దీ వాద్యాల ధ్వనులుంటాయి. వాటిలో ఒకదాన్ని ఎంచుకోవడానికే గంట హరించుకుపోతుంది. అందుకే అనుభవం ఉన్నవాళ్లు రోజుకో కట్టుబాటు పెట్టుకుంటారు: ఇవాళ ఒకే వాద్యం, రేపు డ్రమ్ము లేకుండా, ఎల్లుండి వంటింటి చప్పుళ్లతో. కర్ణాటక సంగీతం కాస్త తెలిసినవాళ్లకు గ్రహభేదం, అంటే అవే స్వరాలు ఉంచి షడ్జాన్ని మార్చడం, ఇంతకన్నా సొగసైన కట్టుబాటు. కీబోర్డు మీద ఒక స్థాయిలో నల్లమెట్లు అయిదు, రెండు ఒక గుంపుగా, మూడు ఒక గుంపుగా ఉంటాయి. మూడింటి గుంపులో మొదటి మెట్టును షడ్జం చేసుకుని ఆ అయిదే వాయిస్తే మోహన స్వరాలు పలుకుతాయి. రెండో మెట్టు షడ్జమైతే మధ్యమావతి, మూడోదైతే హిందోళం. రెండింటి గుంపుకు వెళ్తే మొదటి మెట్టు నుంచి శుద్ధ సావేరి, రెండో మెట్టు నుంచి శుద్ధ ధన్యాసి. తెల్లమెట్టు ముట్టకుండానే అయిదు రోజులు గడిచిపోతాయి, అయిదు రకాల రుచి తగులుతుంది. గమకం పలకని వాద్యం మీద అవి స్వరాలే తప్ప రాగాలు కావని విద్వాంసులంటే కాదనలేం. పందెం వరకు ఆ స్వరాలు చాలు.

మొదటి వారం హుషారుగా సాగుతుంది. ఎప్పటి నుంచో మనసులో ఉన్న వరసలన్నీ అప్పుడే ఖర్చవుతాయి. పది రోజులు దాటాక సొంత అలవాట్లు బయటపడతాయి: అదే వేగం, అదే మైనర్ స్కేలు, ఆఖరున అదే ఫేడవుట్. రెండు మూడు నెలలకో ట్యూన్ కట్టేవాళ్లకు ఈ సంగతి అంత సులువుగా తెలియదు. పదీ వరసపెట్టి వింటే దాగదు.

ఈ పద్ధతికి లోటుపాట్లూ ఉన్నాయి. ఒక్క సాయంత్రంలో తేలేది ఎక్కువగా లూపుల సంగీతమే. పల్లవీ చరణాలతో మాటల కోసం తపించే పాటకు ఈ గడువు చాలదు, నలుగురు కలిసి కూర్చుని కట్టే సంగీతానికి అసలే చాలదు. మిక్సింగ్ సంగతి సరేసరి. వాయించినదాన్ని రోజూ నలుగురి ముందు పెట్టడంలో ఇంకో ప్రమాదం ఉంది. లైకులు లెక్కపెట్టుకోవడం మొదలైతే, నిన్న మెచ్చుకున్నదే ఇవాళ మళ్లీ తయారవుతుంది.

రోజుకో రచన తెలుగువాళ్లకు కొత్త మాటేమీ కాదు. అన్నమాచార్యులు 1424లో తన పదహారో ఏట మొదలుపెట్టి, 1503లో పరమపదించేదాకా రోజుకొక్క సంకీర్తనకు తగ్గకుండా రచించారని సంప్రదాయం చెబుతుంది. మొత్తం 32 వేలంటారు. 79 ఏళ్లకు పంచినా రోజుకు ఒకటికి పైమాటే. ఆయనది దీక్ష, వీళ్లది సరదా కాబట్టి పోలికను ఎక్కువ దూరం లాగకూడదు. కానీ అక్కడొక విషయం గమనించాలి. తిరుమలలో దొరికిన రాగిరేకుల మీద సాహిత్యం ఉంది, రాగం పేరు ఉంది, స్వరం మాత్రం లేదు. అందుకే ఇప్పుడు వినిపిస్తున్న వరసల్లో చాలా భాగం రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ, నేదునూరి కృష్ణమూర్తి వంటివారు 20వ శతాబ్దంలో కట్టినవి. ఇవాళ ఫోనున్న ప్రతివాళ్లూ స్వరాన్ని దాచుకోగలరు. అయితే ‘కొత్తది 7’ అని పేరు పెట్టిన ఫైలు ఏడాది తర్వాత దొరకడం కల్ల. తేదీ, వేగం, శ్రుతి, వాడిన వాద్యం ఫైలు పేరులోనే రాసుకోవడం మంచిది.

ఆ ఫైళ్లతో పని ఫిబ్రవరిలో పడుతుంది. నాలుగు వారాలు పక్కన పడేసి ఆ తర్వాత వింటే, 31 ముక్కల్లో మళ్లీ వినాలనిపించేవి మూడో నాలుగో తేలతాయి. ఆ మాత్రం తేలినా ఆ నెల గిట్టుబాటైనట్టే. వాటిని తీరిగ్గా పెంచి, మాటలు కూర్చి, పూర్తి పాటలు చేసుకోవచ్చు. పిల్లలు, షిఫ్టు డ్యూటీలు ఉన్న ఇళ్లలో రోజువారీ పందెం కంటే వారపు పందెమే ఎక్కువ కాలం నిలుస్తుంది. దిగదలచుకున్నవాళ్లు జనవరి దాకా ఆగనక్కర్లేదు. ఫోన్‌లో ఉచితంగా దొరికే రికార్డింగ్ యాప్ ఒకటి, ఇంట్లోవాళ్ల నిద్ర చెడకుండా హెడ్‌ఫోన్లు ఉంటే ఈ రాత్రికే మొదలుపెట్టవచ్చు.